ఆవకాయకీ కేటీ కావాలి

మా టీములో ఇద్దరికి హాట్ సాసుల పిచ్చి. ఏ సీసా ఎన్ని లక్షల స్కోవిల్ అన్నదే వాళ్ళ గొడవ (1912లో విల్బర్ స్కోవిల్ మొదలెట్టిన కొలత లెండి). నేనూ రుచి చూశా. నాలుక మండింది, అంతే! నన్నడిగితే ఉత్త మంటలో ఏముందండీ? ఆవఘాటు, మామిడి పులుపు, నువ్వులనూనె కమ్మదనం తోడైతేనే కారానికి అందం.

ఇన్నాళ్ళూ అమ్మ పెట్టి పంపేది. పోయినేడు "భుజం నొప్పిరా, ఈసారి నావల్ల కాదు" అంది. సరే, నేనే దిగాను. ఆరోగ్యం పేరుతో ఉప్పు తగ్గించా, ముక్కలు తడి సరిగా తుడవలేదు. రెండు వారాల్లో బూజు!

"ఉప్పు రుచికే అనుకున్నావట్రా? ఊరగాయని కాపాడేది అదే" అని నవ్వింది అమ్మ.

ఈ ఏడు ఊరెళ్ళి, తనని పక్కన కూర్చోబెట్టుకుని కలిపాను. నాలుగు గిన్నెల ముక్కలకి కారం, ఆవపిండి ఒక్కో గిన్నె, ఉప్పు కాస్త తక్కువగా ఒక గిన్నె, ముక్కలు మునిగేదాకా నూనె. మూడోరోజు తిరగకలిపాం. ఇప్పటిదాకా చెక్కుచెదరలేదు.

ఎవరైనా ప్రాజెక్టు వదిలి వెళ్తుంటే కేటీ కోసం నానా హడావిడి చేస్తాం. ఇంట్లో మాత్రం జాడీ ఖాళీ అయ్యాకే గుర్తొస్తుంది. సీసా కొనుక్కోండి, తప్పులేదు. కానీ అమ్మ ఓపికగా ఉన్నప్పుడే ఒక్క వేసవి పక్కన కూర్చుని నేర్చుకోండి.