ఇష్టాన్ని నిలదీసిన పాఠకుడు

1916వ సంవత్సరం. ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, లెదర్‌హెడ్ రైల్వే స్టేషనులోని పుస్తకాల అంగడిలో పదిహేడేళ్ల ఐరిష్ యువకుడొకడు పాత నవల ఒకటి కొన్నాడు. జార్జి మాక్డొనాల్డ్ 1858లో ప్రచురించిన ‘ఫాంటాస్టీస్’ అది. అందులో కథానాయకుడు నిద్రలేచేసరికి పడకగదిలో సెలయేరు పారుతూ ఉంటుంది. కాలికింది తివాచీ పచ్చికగా మారిపోతుంది. ఆ సెలయేటి వెంట నడిచి అతడు మాయాలోకంలో అడుగు పెడతాడు. ఆ యువకుడే సి. ఎస్. లూయిస్. ఆక్స్‌ఫర్డులో, కేంబ్రిడ్జిలో ఆంగ్ల సాహిత్యం బోధించినవాడు, పిల్లలకు ‘నార్నియా’ కథలు చెప్పినవాడు. తన ఊహాలోకాన్ని కడిగి పునీతం చేసినది ఆ పుస్తకమేనని ఆయన 1955లో వెలువడిన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

అయితే ఆ యువకునికి అంతకుముందే మరొక వ్యసనం ఉండేది. బాల్యంలో హెచ్. జి. వెల్స్ వైజ్ఞానిక కథలను ఆవురావురుమంటూ చదివాడు. అన్య గ్రహాలన్న మాట వింటేనే మత్తెక్కేది. అద్భుత గాథలు కలిగించిన ఆనందమూ, ఈ మత్తూ ఒకటి కావని ఆయన అదే ఆత్మకథలో స్పష్టంగా వేరు చేశాడు. మొదటిది మనసును ఎక్కడికో, పేరు తెలియని దూరానికి పిలిచేది. రెండవది ఆకలి వంటిది, ముతకది, బలమైనది. ఆ ముతక బలాన్ని చూచే అది ఆత్మకు సంబంధించినది కాదని తాను గుర్తుపట్టానని అన్నాడు. తర్వాతి కాలంలో తాను గ్రహాంతర కథలు రాసినది ఆ ఆకలిని తీర్చుకోవడానికి కాదనీ, పట్టిన దయ్యాన్ని వదిలించుకోవడానికేననీ ఒప్పుకున్నాడు.

సామాన్యంగా పాఠకుడు తన ఇష్టాన్ని సమర్థించుకుంటాడు, లేదా దాచుకుంటాడు. ఇష్టాన్నే బోనులో నిలబెట్టి, నీవెవరవు, ఎక్కడినుంచి వచ్చావని అడిగేవారు అరుదు. లూయిస్ అడిగాడు. ఆ ప్రశ్నలో నుంచే ఆయన నవలలు పుట్టాయి.

అందుకు నిమిత్తమైన రచనలు రెండు. 1927లో జీవశాస్త్రవేత్త జె. బి. ఎస్. హాల్డేన్ ప్రచురించిన ‘పాసిబుల్ వరల్డ్స్’ అనే సంపుటిలోని వ్యాసం ఒకటి. 1930లో ఓలాఫ్ స్టేపుల్డన్ రచించిన ‘లాస్ట్ అండ్ ఫస్ట్ మెన్’ అనే నవల మరొకటి. భూమి నివాసయోగ్యం కానినాడు మానవజాతి శుక్రగ్రహానికి తరలిపోవడం రెండింటిలోనూ కనిపిస్తుంది. స్టేపుల్డన్ నవలలో మానవులు అక్కడి ప్రాణులను నిర్మూలించి స్థిరపడతారు. లూయిస్ ఈ కల్పనా ప్రతిభకు ముగ్ధుడయ్యాడు. వెనుక ఉన్న తత్త్వానికి భీతిల్లాడు. స్టేపుల్డన్ కల్పనను మెచ్చుకుంటాననీ, ఆయన తత్త్వాన్ని కాదనీ తరువాత ఒక నవల ముందుమాటలో బాహాటంగానే రాశాడు. ఒకే పుస్తకం పట్ల ఈ రెండు భావాలనూ కలగాపులగం చేయకుండా దేని చోటున దానిని ఉంచగలగడం మంచి పాఠకుని లక్షణం.

ఆయనా, మిత్రుడు టోల్కీనూ ఒక ఒప్పందం చేసుకున్నారు. తాము చదవాలనుకునే కథలు ఎవరూ రాయడం లేదు గనుక తామే రాయాలి: లూయిస్ అంతరిక్షయానం మీద, టోల్కీన్ కాలయానం మీద. టోల్కీన్ కథ పూర్తి కాలేదు. లూయిస్ కథ 1938లో ‘ఔట్ ఆఫ్ ది సైలెంట్ ప్లానెట్’ పేరుతో వెలువడింది. అందులో అంగారకునిపై దిగిన వెస్టన్ అనే శాస్త్రవేత్త, గ్రహాలను జయించడం మానవజాతి హక్కు అని అక్కడి అధిదేవత ఎదుట గంభీరోపన్యాసం చేస్తాడు. భాషాశాస్త్రవేత్త రాన్సమ్ దానిని అక్కడివారి భాషలోకి అనువదించవలసి వస్తుంది. ఉపన్యాసంలోని ఆడంబరమైన మాటలకు ఆ భాషలో సమానపదాలు లేవు. కనుక అర్థాన్ని విడమరచి చెప్పాలి. విడమరచే కొద్దీ మాటల మీది మెరుగు రాలిపోతుంది. బలం ఉన్నవాడు లేనివాణ్ణి చంపి నేల ఆక్రమించుకోవచ్చునన్నది మాత్రమే మిగులుతుంది. అనువాదమనేది ఎంత కఠినమైన పరీక్షో ఇంత చక్కగా చూపిన ఘట్టాలు నవలల్లో ఎక్కువ లేవు.

ఎదుటి పక్షం ఊరుకోలేదు. 1943లో ‘పెరెలాండ్రా’ వెలువడినప్పుడు, రాకెట్ ప్రయోగాలు చేసే సంఘాలపై అందులో ఉన్న విసుర్లకు నొచ్చుకొని ఆర్థర్ సి. క్లార్క్ అనే యువకుడు లూయిస్‌కు లేఖ రాశాడు. ఇద్దరిమధ్య ఉత్తరాలు నడిచాయి. ఎవరి పట్టు వారిదే. కాని 1953లో క్లార్క్ నవల ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’ చదివిన లూయిస్, ప్రత్యర్థి రచన గదా అని వెనుకాడలేదు. ఒక లేఖలో దానిని మనసారా శ్లాఘించాడు. ఆ క్లార్క్ 1956లో సింహళం చేరి, 2008లో కొలంబోలో కన్నుమూసే వరకు అక్కడే నివసించాడు.

హాల్డేన్ దాడి మరింత తీవ్రమైనది. లూయిస్ నవలల్లో విజ్ఞానం తప్పులతడక అనీ, శాస్త్రవేత్తలను దుష్టులుగా చిత్రించడం అన్యాయమనీ 1946లో ఒక వ్యాసంలో తూర్పారబట్టాడు. లూయిస్ జవాబు రాయడం మొదలుపెట్టాడు. అంగారకునిపై కాలువలు లేవని తనకు తెలుసుననీ, జనం మనసులో ఉన్న అంగారకుడికి కాలువలు ఉన్నాయి గనుకనే తన కథలోనూ పెట్టాననీ అందులో చెప్పాడు. తన విమర్శ శాస్త్రజ్ఞుల మీద కాదనీ, శాస్త్రం పేరు చెప్పుకొని తిరిగే ఒక దృక్పథం మీదననీ వివరించాడు. తన నవలలో దుష్టకూటమిని విడిచిపోబోయి హతుడైన హింజెస్ట్ కూడా నిజమైన శాస్త్రవేత్తేనని గుర్తుచేశాడు. కాని ఆ జవాబును తాను జీవించి ఉండగా అచ్చుకు ఇవ్వలేదు.

ఈ వాదాలన్నిటి సారం 1955 నవంబరులో కేంబ్రిడ్జి విద్యార్థుల ముందు ఆయన చేసిన ప్రసంగంలో కనిపిస్తుంది. సైన్స్ ఫిక్షన్ అంతా ఒకే గాటన కట్టదగినది కాదని ఆయన వాదన. మామూలు ప్రేమకథనో గూఢచారి కథనో భవిష్యత్తులోకి ఈడ్చుకుపోయి పెట్టే రకం ఉంది. అది ఆయనకు నచ్చదు. యంత్రాల సాధ్యాసాధ్యాల మీద నడిచే ఇంజనీర్ల కథలున్నాయి. వాటిని ఆస్వాదించే రుచి తనకు లేదు గనుక తీర్పు చెప్పే అర్హత కూడా లేదన్నాడు. మానవజాతి అంతిమగతిని తలపోసే కథలున్నాయి. కేవలం అద్భుతం కోసమే మరో లోకానికి తీసుకుపోయే కథలున్నాయి. ఆయన మనసు అక్కడ ఉంది. ఒక సాహిత్యశాఖలోని చెడ్డ పుస్తకాలను ఆ శాఖను ప్రేమించేవారే విమర్శించాలన్నది ఆయన సూత్రం. కాకరకాయ ముట్టనివాడు కాకరకాయ వేపుడు బాగోగులు చెప్పబోతే మనకు తెలిసేది వేపుడు సంగతి కాదు, అతని నాలుక సంగతి.

ఇక హాల్డేన్‌ను కేవలం హేతువాదిగా ఊహించుకున్న పాఠకులు 1937లో ఆయన పిల్లలకోసం రాసిన ‘మై ఫ్రెండ్ మిస్టర్ లీకీ’ చూడాలి. అందులో లండనులో కాపురముండే మాంత్రికుని ఇంట ఒక ఆక్టోపస్ వడ్డన చేస్తుంది. చిన్న డ్రాగన్ ఒకటి నిప్పులో ఉండి చేపను కాలుస్తుంది. లూయిస్‌ను దుయ్యబట్టిన కలమే ఇంత మురిపెంగా మాయను అల్లింది. తాను చదువుకున్న మాయలకు లూయిస్ ఎంత ఋణపడ్డాడో, హాల్డేన్ కూడా అంతే ఋణపడినట్లుంది.

ఆ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసి, భారత పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని వైద్య విద్యార్థుల కోసం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. లూయిస్ అంతకు ఏడాది ముందే, 1963 నవంబరు 22న, కన్నుమూశాడు.

అసంపూర్తిగా మిగిలిన ఆ జవాబు 1966లో అచ్చయింది. అప్పటికి రాసినవాడు లేడు, చదవవలసినవాడూ లేడు. అది ఇప్పుడు మూడవ పాఠకుని చేతిలో ఉంది. మరో గ్రహం మీద కాలు మోపాలన్న తహతహ విని మన గుండె వేగంగా కొట్టుకున్నప్పుడు, అది ఆ దూరాన్ని చూచి కలిగిన విస్మయమా, ఆ నేల మీద పుట్టిన ఆశా? లూయిస్ తన బాల్యపు పుస్తకాలను ముందు పెట్టుకొని ఈ ప్రశ్న వేసుకున్నాడు. సమాధానం తనకు ప్రతికూలంగా వచ్చినా దాచుకోలేదు.