పంచిన సొమ్మునకు బహిరంగపు పట్టిక

ఇంటి పద్దు వ్రాసికొనని గృహిణి అరుదు. పాలకెంత, ఉప్పుపప్పులకెంత అని వ్రాసి యుంచినచో ఇంటివారెవ్వరైనను చూచుకొనవచ్చును. సొమ్ము ఉమ్మడిది గదా! ప్రభుత్వము రైతులకు పంచు సొమ్మునకును ఇదియే న్యాయమని మేము తలంచుచున్నాము.

తార్నాకలో కాపురముండు మనకు సేద్యపు సంగతి యేల యని కొందరనవచ్చును. మన పేటలో నల్లగొండ, వరంగల్లు, పాలమూరు ప్రాంతములందు పట్టాభూములు గల కుటుంబములు కలవు. పసుపుకుంకుమల క్రింద వచ్చిన చెలక కొందరు సోదరీమణుల పేరనే యున్నది. అట్టి భూములను కౌలునకు దున్నువారి బిడ్డలును ఈ ప్రక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్నారు. పట్టా గలవారును, చెమటోడ్చువారి బిడ్డలును ఒకే బాటన నడచుచున్నారు.

2018 మే 10వ తేదీన తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు పథకమును ప్రారంభించెను. ఎకరమునకు పంటకు 4,000 రూపాయల వంతున ఏటికి 8,000 ఇచ్చిరి. విస్తీర్ణమునకు పరిమితి లేదు. ఆ లెక్కన ముప్పది యెకరముల పట్టాదారునకు 2,40,000. ఒక్క యెకరము గల వితంతువునకు 8,000. కౌలుదారునకు ఏమియు లేదు. 2025 జనవరిలో ఈ సాయమునకు రైతుభరోసా యని పేరిడి, ఎకరమునకు ఏటికి 12,000గా నిర్ణయించి, ఇండ్ల స్థలములుగా మారినవానిని, గనులను, సాగునకు పనికిరాని భూములను తొలగింతుమని ప్రభుత్వము ప్రకటించెను.

ఏ భూమి సాగులో నున్నదో ఊరివారికి తెలియనిది కాదు. ఎవరికెంత ముట్టినదో వారికి తెలిసిననే తప్పు బయటపడును. కేంద్రప్రభుత్వము 2019లో ఆరంభించిన కిసాన్ సమ్మాన్ నిధిని చూడుడు. సమాచార హక్కు క్రింద ఒకరు ప్రశ్నింపగా, అనర్హులగు 20.48 లక్షల మందికి 1,364 కోట్ల రూపాయలు ముట్టినట్లు 2021లో వెల్లడియయ్యెను. వారిలో సగమునకు పైగా ఆదాయపు పన్ను కట్టువారే!

2005 నాటి సమాచార హక్కు చట్టము 4వ సెక్షను ప్రకారము, సాయపు పథకముల మొత్తములను, లబ్ధిదారుల వివరములను కార్యాలయములు అడుగకమునుపే ప్రకటింపవలెను. ప్రకటింపనిచోట దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ముప్పది దినములలో బదులీయవలెను.

పేదవాని పేరు వీథిలో పెట్టుట మర్యాదయా యని యొక ఆక్షేపణ కలదు. అది త్రోసివేయదగినది కాదు. ఐరోపాలో 2010 నవంబరు 9న అక్కడి న్యాయస్థానము, సాయము పొందిన వ్యక్తుల పేర్లన్నియు విచక్షణ లేక ప్రకటించుట తగదని తీర్పు చెప్పెను. పిమ్మట 2013లో చిన్న మొత్తములు పొందువారి పేర్లు దాచి, తక్కినవారివి ప్రకటించు ఏర్పాటు చేసికొనిరి. మనకును ఇది మేలైన మార్గము. బ్యాంకు ఖాతా, ఆధారు సంఖ్యలు ఎవ్వరికిని అక్కరలేదు. పెద్ద మొత్తములు పొందినవారి పేరు, ఊరు, విస్తీర్ణము, సొమ్ము తెలిసిన చాలును.

సోదరీమణులారా! మీ పేర పట్టా యున్నచో పాసుపుస్తకము తెప్పించి చూచుకొనుడు. మీ ఖాతాలో పడిన సొమ్మెంతయో, అందులో మీ చెలక దున్నువాని యింటికి చేరినదెంతయో మగవారి నడుగుడు. ఊరి పట్టికను అడుగు హక్కు మన యింటి పట్టికను విప్పినవారికే శోభించును.