మాదిరి ఉత్తరం వద్దు, మన పిలకాయల ఉత్తరం కావాల



పోయిన వారం మన గ్రూపులో ఒక ఫైలు వచ్చింది. 'ఉద్యోగానికి మాదిరి కవర్ లెటర్' అని దాని పేరు. చూసినవాళ్ళందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టినారు. ఈ ఫైలునే సంఘం డబ్బుతో పుస్తకంగా అచ్చు వేసి మన పిలకాయలకు పంచాలని కమిటీ అనుకుంటోంది. నేను దీనికి వ్యతిరేకం. సభలో మూడు నిమిషాలే మాట్లాడనిస్తారు గనుక ఇక్కడ పొడుగ్గా రాస్తున్నాను. కోపం వచ్చినా చివరిదాకా చదవండి.

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. కమిటీలో పెద్దవాళ్ళం చాలామందిమి రైల్వేలోనో, బ్యాంకులోనో, ఈబీలోనో పనిచేసి రిటైర్ అయినవాళ్ళం. మనలో ఎంతమంది కవర్ లెటర్ రాసి ఉద్యోగం తెచ్చుకున్నాము? నేనైతే రాయలేదు. ఫారం నింపినాను, పోస్టల్ ఆర్డర్ జతచేసినాను, పరీక్ష రాసినాను, అంతే. ఇప్పటికీ రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డుకు గానీ, టీఎన్‌పీఎస్‌సీకి గానీ ఎవరూ కవర్ లెటర్ పంపరు. అక్కడ మార్కులు మాట్లాడతాయి. కవర్ లెటర్ కావలసింది ప్రైవేటు కంపెనీకి, స్కూలుకు, ఆసుపత్రికి. అంటే మనం ఎన్నడూ చేయని పనికి మనమే అయ్యవార్లమై కూర్చున్నాము.

ఆ మాదిరి ఉత్తరంలో ఏముందో చూడండి. మొదటి పేరాలో 'తమ పాదాలకు' అనడం ఒక్కటే తక్కువ. రెండో పేరాలో నేను కష్టపడేవాడిని, నిజాయితీపరుడిని, అందరితో కలిసి పనిచేస్తాను అని ఉంది. మూడో పేరాలో కుటుంబం కష్టాల్లో ఉంది, తమరు దయచూపితే జన్మంతా మరవను అని ఉంది. ఏ ఉద్యోగం, ఏ కంపెనీ అనే చోట చుక్కలు. రాసేవాడు ఏం చదివినాడు, ఏ పని వచ్చు అనే చోటా చుక్కలే. అంటే చెప్పవలసినదంతా చుక్కల్లో ఉంది, చెప్పనక్కరలేనిదంతా అచ్చులో ఉంది.

ఈ ఉత్తరం పుస్తకం కాకముందే ఏం చేసిందో వినండి. మన వాళ్ళ పిలకాయలు ముగ్గురు ఒకే కంపెనీకి దీన్నే పంపినారు. ఆ కంపెనీలో ఆళ్ళను తీసుకునే విభాగంలో ఉండే ఒకాయన నాకు తెలిసినవాడు. "ఏం సార్, మీ సంఘంలో ఒకే అచ్చు గుద్దుతారా?" అని నవ్వినాడు. మూడింట్లోనూ ఒకే స్పెల్లింగ్ తప్పు. ఒకదాంట్లో కంపెనీ పేరు ఉండాల్సిన చోట చుక్కలు అట్లే ఉన్నాయి. ఆయన మూడింటినీ పక్కన పెట్టేసినాడు. ఆ ముగ్గురిలో ఎవడు మంచివాడో తెలుసుకునేదానికి ఆయనకు దారే లేదు. దారి మూసింది మనం.

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. నా తమ్ముని కొడుకు డిప్లొమా ముగించినప్పుడు నేనే కూర్చోబెట్టి ఉత్తరం రాయించినాను. 'ఐ బెగ్ టు సబ్మిట్' అని మొదలుపెట్టించి, 'మోస్ట్ ఒబీడియంట్లీ' అని ముగించినాను. వాడు ఏడాది పాటు అదే పంపినాడు. ఒక్క పిలుపు రాలేదు. ఉత్తరం వల్లనే అని ప్రమాణం చేయలేను. కానీ మూడేండ్లు వాడు సాయంత్రాలు మోటారు వైండింగ్ షాపులో పనిచేసినాడు. కాలిపోయిన పంపు మోటారు విప్పి, తీగ చుట్టి, మళ్ళీ నడిపించగలడు. ఇది కోయంబత్తూరు. పంపులు, గ్రైండర్లు చేసే ఊరు. ఆ సంగతి నా ఉత్తరంలో ఒక్క మాట లేదు. "షాపులో కూలికి పోయినానని రాస్తే పరువు పోతుంది" అన్నది నేనే. తరువాత వాడే నన్ను అడక్కుండా నాలుగు వాక్యాలు రాసి పంపు కంపెనీకి పంపినాడు. వాళ్ళు పిలిచి మొదట అడిగింది ఆ షాపు గురించే.

తమిళంలో ఉద్యోగ దరఖాస్తును విణ్ణప్పం అంటారు. మన విన్నపమూ ఆ మాటే. మాటలోనే చేతులు కట్టుకొని నిలబడటం ఉంది. ఆ అలవాటు మన తరంతో పోనీయండి. ఉద్యోగం భిక్ష కాదు. వాళ్ళకు ఒక పని జరగాల, ఆ పని మనకు వచ్చు. ఆ రెండింటినీ కలిపి చూపేదే కవర్ లెటర్. వేరే ఏమీ లేదు.

నేను డివిజన్ ఆఫీసు పర్సనల్ బ్రాంచిలో చాలా ఏండ్లు ఉన్నాను. సర్వీసులో ఉండగా చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు ఉద్యోగం కోరి పెట్టే మనువులు నా టేబుల్ మీదికే వచ్చేవి. ఆంధ్రలో అర్జీలు అంటారు. బయట చెట్టుకింద రాసేవాని చేత నాలుగు పేజీలు రాయించుకొని వస్తారు. చదివితే కన్నీళ్ళు వస్తాయి. కానీ చనిపోయినాయన పీఎఫ్ నంబరు ఉండదు, ఏ స్టేషన్లో ఏ పని చేసినాడో ఉండదు, చనిపోయిన తేదీ ఉండదు. నేను నోట్ పెట్టాలంటే దేన్ని పట్టుకొని పెట్టేది? వివరాలు అడుగుతూ జాబు రాయాల, అది చేరాల, తిరిగి రావాల. ఒకసారి ఒకామె అరపేజీ తమిళంలో తన చేత్తోనే రాసుకొని వచ్చింది. భర్త పేరు, నంబరు, స్టేషన్, తేదీ, తను పదో తరగతి, ఇద్దరు బిడ్డలు, ఏ పనికైనా వస్తాను. అంతే. ఆ సాయంత్రమే ఫైలు కదిలింది. నాకు ఆమె మీద దయ ఎక్కువ కలిగిందని కాదు. ఆమె నా పని సులువు చేసింది. చదివేవాడు కూడా ఒక గుమాస్తానే అని గుర్తుపెట్టుకుంటే సగం ఉత్తరం వచ్చేసినట్టే.

ఇది నా సొంత కనిపెట్టడం కాదు. మన మద్రాసులోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. శ్రీనివాస రామానుజన్ 1912 ఫిబ్రవరి 9న మద్రాసు పోర్ట్ ట్రస్టుకు గుమాస్తా పని కోసం ఉత్తరం రాసినాడు. 'బెగ్' అనే మాట ఆయనా వాడినాడు, అది ఆ కాలపు మర్యాద. కానీ ఆ మాట దాటినాక చూడండి. మీ ఆఫీసులో గుమాస్తా పని ఖాళీ ఉందని తెలిసింది. మెట్రిక్ పాసైనాను, ఎఫ్ఏ దాకా చదివినాను, పరిస్థితుల వల్ల చదువు ముందుకు సాగలేదు. అప్పటినుంచి నా కాలమంతా గణితానికే పెట్టినాను. ఈ పనికి న్యాయం చేయగలనని నమ్మకం ఉంది. సారాంశం ఇంతే. చదువు ఆగిపోయిందని దాచలేదు, దాని కోసం ఏడవనూ లేదు. జత చేసిన సిఫారసు ప్రెసిడెన్సీ కాలేజీ గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్‌ది. అది ఆయన గణిత ప్రతిభ గురించి మాట్లాడింది, ఏ ఊరివాడు, ఎవరి కొడుకు అనే దాని గురించి కాదు. మార్చి 1న నెలకు 30 రూపాయల జీతంతో పనిలో చేరినాడు.

మరుసటి ఏడు జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి రాసిన ఉత్తరమూ ఈ బాటలోనే నడిచింది. నేను పోర్ట్ ట్రస్ట్ అకౌంట్స్‌లో గుమాస్తాను, ఏడాదికి 20 పౌన్ల జీతం, విశ్వవిద్యాలయ చదువు లేదు అని మొదట్లోనే చెప్పి, నేరుగా తన పనిలోకి పోయినాడు. పని చూపే కాగితాలు జత చేసినాడు. అంతకుముందు కేంబ్రిడ్జిలోనే వేరే ఇద్దరికి రాస్తే ఫలితం లేదు. అందుకని ఏడుపు పెంచలేదు, మళ్ళీ పనినే చూపినాడు. మన పిలకాయలు రామానుజన్‌లు కానక్కరలేదు. ఆ ఉత్తరం కట్టుబడి నేర్చుకుంటే చాలు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నొప్పి కలిగించిన సంగతి. ఆ మాదిరిలో 'తెలిసిన భాషలు: తమిళం, ఇంగ్లీషు' అని ముందే అచ్చు వేసి పెట్టినారు. తెలుగు సంఘం పంచే ఉత్తరంలో తెలుగు లేదు!

మన సభ్యుని కూతురు ఒకతె ఉంది. బి.కాం. నాయన ఎర్రగడ్డల మండీలో నాలుగేండ్లు లెక్కలు ఆమే చూసింది, జీఎస్టీ కాగితాలు ఆమే సిద్ధం చేసేది, చిత్తూరు, కర్నూలు వైపు వ్యాపారులతో ఫోన్‌లో తెలుగులో బేరమాడేదీ ఆమే. ఆంధ్రా డీలర్లతో మాట్లాడే పనికి ఒక కంపెనీ ఆడది కావాలన్నా మగవాడు కావాలన్నా అనకుండా, తెలుగు తెలిసినవారికి ప్రాధాన్యం అని ప్రకటన ఇచ్చింది. ఆమె ఈ మాదిరిని నింపి పంపింది. మండీ లేదు, జీఎస్టీ లేదు, తెలుగు లేదు. పిలుపూ రాలేదు. "ఎందుకమ్మా తెలుగు రాయలేదు?" అంటే, "నాకు చదవను రాయను రాదు కదా తాతా, అది తెలిసినట్టు లెక్కా?" అంటుంది. తప్పు ఆ పాపది కాదు. ఇంటి భాషకు విలువ ఉందని మనం చెప్పలేదు.

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడేదే గానీ అక్షరాలు రావు. కాట్పాడిలో విచారణ కౌంటర్లో ఉన్నప్పుడు వేలూరు ఆసుపత్రికి ఆంధ్రా నుంచి వచ్చేవాళ్ళు రోజూ దిగేవాళ్ళు. చేతిలో రిపోర్టులు, పక్కన రోగి, భాష రాదు. నేను తెలుగులో ఒక్క మాట పలికితే వాళ్ళ ముఖం మారేది. ఆ కౌంటర్లో కూర్చునే అక్షరాలు నేర్చుకున్నాను. ఆ తెలుగు నా సర్వీసు రికార్డులో ఎక్కడా ఎక్కలేదు. మన పిలకాయల ఉత్తరాల్లోనైనా ఎక్కాల. 'తెలుగు బాగా మాట్లాడతాను, చదవడం నేర్చుకుంటున్నాను' అని రాస్తే అది నిజం, అది బలం.

ఇక మీరు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు.

"తమిళ మీడియం పిలకాయలకు ఇంగ్లీషు రాదు, మాదిరి లేకపోతే ఎట్లా?" రానివాడికే మాదిరి ఎక్కువ ప్రమాదం. ఉత్తరంలో పెద్ద ఇంగ్లీషు, ఇంటర్వ్యూలో చిన్న ఇంగ్లీషు అయితే అబద్ధం బయటపడుతుంది. ముందు తమిళంలోనో తెలుగులోనో రాయనీ. తరువాత చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషు చేయనీ. తప్పులు మనం దిద్దుదాం, మాటలు మాత్రం వాడివే ఉండనీ.

"ఇప్పుడు ఫోనే రాసిస్తుంది కదా?" రాసిస్తుంది. మండీలో నాలుగేండ్లు లెక్కలు చూసినావని ఫోనుకు ఎవరు చెప్పాల? చెప్పకపోతే అదీ చుక్కల ఉత్తరమే ఇస్తుంది, కాస్త నున్నగా. తప్పులు దిద్దుకునేదానికి వాడుకోండి, వద్దనను.

"సంఘం లెటర్‌హెడ్ మీద అధ్యక్షుని సిఫారసు జతచేస్తే?" దయచేసి వద్దు. 'మా వాడు, మంచి కుటుంబం' అనే కాగితం చూసి ఉద్యోగం ఇచ్చేవాడు రేపు ఇంకో సంఘం కాగితం చూసి మనవాణ్ణి తీసేస్తాడు. పని చూసినవాడే పని గురించి చెప్పాల.

వద్దని చెప్పేవాడు ఏం కావాలో కూడా చెప్పాల. ఉత్తరం ఒక పేజీ దాటరాదు. మొదట ఏ పని, ఆ ప్రకటన ఎక్కడ చూసినావు. తరువాత ఆ ప్రకటనలో వాళ్ళు అడిగిన రెండు మూడు విషయాలకు నువ్వు చేసిన పనిని, ఎన్నేండ్లు, ఎంత అనే లెక్కతో సహా ఎదురుగా పెట్టు. తరువాత ఈ కంపెనీనే ఎందుకు అనేది రెండు వాక్యాల్లో. చివర ఎప్పుడు చేరగలవు, ఫోన్ నంబరు. పేరు తెలిస్తే పేరుతో రాయి. ఆడమనిషికి 'సర్' అని పంపవద్దు. ఈమెయిల్ ఖాళీగా పెట్టి ఫైలు ఒక్కటే తగిలించవద్దు. ఇంటి కష్టాలు ఇంట్లోనే ఉండనీ.

దీనికి పుస్తకం ఎందుకు? ఆ అచ్చు డబ్బు లైబ్రరీకి వాడండి. ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు నేను సంఘం హాలులో కూర్చుంటాను. ప్రైవేటులో పనిచేసి ఆళ్ళను తీసుకున్న అనుభవం ఉన్న సభ్యులు ఇద్దరు ముగ్గురు తోడు రండి, నాకు తెలియనిది మీరు చెప్పండి. పిలకాయలు ఉద్యోగ ప్రకటన ఒకటి, తెల్ల కాగితం ఒకటి తెస్తే చాలు. మనం రాసివ్వం. "నువ్వేం చేసినావు?" అని అడుగుతాము. వాళ్ళు చెప్పేదాకా అడుగుతాము.

కమిటీ నా మీద కోపపడితే పడనీ. ఆ మండీ పాప రేపు వస్తానంది. ఆమె కాగితం మీద మొదటి వాక్యంలోనే తెలుగు ఉంటుంది.