సంతకము చేయవలసిన చేయి

పాతబస్తీ పిల్లలలో పెక్కుమంది పేర్లకు ఒక చిక్కు కలదు. పదవ తరగతి మెమోలో ‘ఎండీ’ అని పొట్టిగాను, డిగ్రీ మెమోలో ‘మొహమ్మద్’ అని నిండుగాను అచ్చుపడిన ఒకే పేరు, గల్ఫు కొలువుకై పత్రములను అటెస్టేషన్‌కు పంపునాడు ఇద్దరు మనుష్యులదై కూర్చుండును. దిద్దుటకు నిమిషము చాలును. ఆధారమైన పదవ తరగతి మెమో దరఖాస్తుదారుని చేతిలోనే యుండును. ఐనను శాలిబండ నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ పరీక్షా విభాగమునకు చేరిన అట్టి దరఖాస్తు, సీనియర్ అసిస్టెంటు నోటు వ్రాయగా, సూపరింటెండెంటు ‘ఆదేశముల నిమిత్తము’ అని చేర్చగా, పై అధికారి అంచున ‘చర్చించుడు’ అని గీకి క్రిందికి పంపగా, మరల మొదటి బల్లకే వచ్చి పడును.

ఆ బల్ల వెనుకనున్నవానిని సోమరియని నిందించుట సులభము, నేను నిందింపజాలను. తాను దిద్దినచో రేపు ఆడిట్ అభ్యంతరము తన పేరనే వచ్చుననియు, దిద్దక పైకి నెట్టినచో అడుగువారే లేరనియు అతనికి ఉద్యోగమే నేర్పినది. నిర్ణయించినవానికి శిక్షయు, వాయిదా వేసినవానికి రక్షణయు గల చోట ఎంతటి కార్యదక్షుడైనను ఫైలును పైకే పంపును.

ఈ భయము శిఖరము నుండియే దిగివచ్చినది. 1966లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉస్మానియా చట్టమును సవరించి, పదవిలోనున్న ఉపకులపతి డి.ఎస్. రెడ్డి స్థానమున తొంబది దినములలో మరియొకరిని నియమించునట్లు నిబంధన చేర్చగా, ఆయన మూసీ గట్టుననున్న మన హైకోర్టులో ఓడియు, సుప్రీంకోర్టుకు పోయి 1967లో ఆ నిబంధనను కొట్టివేయించెను. ఒక్క వ్యక్తిని వేరుచేసి చట్టము చేయుట సమానత్వమునకు విరుద్ధమని నాటి తీర్పు. అంత పోరి గెలిచిన పీఠము మన కాలమున 2019 నడుమ నుండి 2021 మే వరకును, తిరిగి 2024లో మే నుండి అక్టోబరు వరకును పూర్తికాలపు ఉపకులపతి లేక, సచివాలయమున వేరు బాధ్యతలు మోయు ఐఏఎస్ అధికారుల అదనపు భారముగా నడచినది. ‘రెగ్యులర్ వీసీ రానీ, చూద్దాం’ అను మాట అట్టి కాలమున ప్రతి సెక్షనుకును తిరుగులేని సమాధానమగును. వీసీ వచ్చిన పిదపను ఆ అలవాటు పోదు.

1917లో ఈ విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా వెలువడిన వెంటనే అనువాద శాఖను నెలకొల్పి, 1919 నాటికి ఉర్దూలో కళాశాల విద్య బోధింప సాహసించిన నగరమిది. ఆ సాహసమునకు వారసులమైన మనము పేరులోని నాలుగక్షరములకై బిడ్డలను నెలలు త్రిప్పుట నాకు మిక్కిలి బాధాకరము.

హైకోర్టు ప్రక్కనే యున్న సిటీ కాలేజీ వంటి స్వయంప్రతిపత్తి గల కళాశాలలు పరీక్షలు తామే నడుపుకొనుచున్నవి. పట్టాను మాత్రము విశ్వవిద్యాలయమే ఇచ్చును. విద్యార్థిని మూడేండ్లు ఎదుట చూచిన ప్రిన్సిపాలు పదవ తరగతి మెమోతో సరిచూచి ధ్రువీకరించినచో, సెక్షన్ సూపరింటెండెంటే ఆ దినముననే సంతకము చేయునట్లును, సద్బుద్ధితో చేసిన దిద్దుబాటునకు అతనిపై చర్య యుండదని లిఖితపూర్వకముగా అభయమిచ్చునట్లును నియమము కావలెను. ఇందుకు శాసనసభ కూడనక్కరలేదు, పాలకమండలి తీర్మానము చాలునని నా నమ్మకము. రాబోవు సమావేశపు అజెండాలో దీనిని చేర్చవలసినదిగా రిజిస్ట్రారును కోరుచున్నాను.