పదమునకు పొరుగే సాక్షి

పాతకాలపు ఆంగ్లగ్రంథములను చదువు విద్యార్థిని తెలియని పదముకంటె తెలిసిన పదమే ఎక్కువగా మోసగించును. తెలియనిదానికై అతడు నిఘంటువు తెరచును. తెలిసినదానిని విచారింపకయే దాటిపోవును.

'మీట్' అనగా మాంసమని పిల్లవాడును చెప్పగలడు. కాని 1611లో అచ్చయిన ఆంగ్ల బైబిలు మొదటి అధ్యాయముననే, విత్తనములిచ్చు మొక్కలును, చెట్ల పండ్లును మనుష్యునకు 'మీట్'గా ఈయబడినవి. పండు మాంసమెట్లగును? ఈ సందేహము పుట్టినచో సగము పని తీరినట్లే. నాడు ఆ మాటకు ఆహారమని అర్థము. మిఠాయిని 'స్వీట్‌మీట్' అనుటలో ఆ పాత యర్థము నేటికిని నిలిచియున్నది.

ఈ విచారణ ఆంగ్లమునకే పరిమితము కాదు. మన జొన్నగిరి చెంతనున్న ఎర్రగుడి బండలపై క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున అశోకుడు చెక్కించిన 14 ధర్మశాసనములు కలవు. పండ్రెండవదానిలో రాజు 'పాసండ'ముల నన్నిటిని గౌరవించుచున్నట్లు చెప్పబడినది. తెలుగున పాషండుడన్నచో వేదబాహ్యుడు, అది నిందావాచకము. ఆ యర్థమునే పట్టుకొన్నచో రాజు మతభ్రష్టులను పూజించెనను అపవాదు తప్పదు. కాని మరికొంత చదివినచో, తన పాసండమును పొగడుకొనుచు ఇతరుల పాసండమును తూలనాడరాదను బోధ కనబడును. తన మతమును తానే భ్రష్టమని ఎవడు చెప్పుకొనును? కావున నాడది నింద కాదు. మతశాఖ యని మాత్రమే అర్థము. ఆ యొక్క పొరుగువాక్యమే రాజును అపవాదునుండి కాపాడినది.

అట్లని ఊహయే ప్రమాణము కాదు. ఒకచోట కుదిరిన అర్థము అదే గ్రంథమున మరియొకచోటను కుదురవలెను. పిదప, పూర్వప్రయోగములను కాలక్రమమున చూపు ఆక్స్‌ఫర్డువంటి పెద్ద నిఘంటువుతో సరిచూచుకొనవలెను.

ఉపాధ్యాయులకొక మనవి. అర్థముల పట్టికను వల్లెవేయించుటకు ముందు, పిల్లలచేత తమ ఊహను, దానికి కారణమును వ్రాయింపుడు. ఊహ తప్పినను మార్కులు తగ్గింపకుడు. కారణము చెప్పనిచో మాత్రము మరల అడుగుడు. తెలుగు తరగతిలోను ఇదియే మార్గము. ప్రాచీన కావ్యములలో పూలకు 'కంపు' అన్నచో పిల్లలు నవ్వుదురు. నాడది పరిమళమని వారే కనుగొనునట్లు చేయవలెను.

గతించినవారు తమ మాటకు తాము వివరణ చెప్పుకొనలేరు. వారి పక్షమున సాక్ష్యమిచ్చునది పొరుగుపదమే. ఆ సాక్షిని విచారింపక తీర్పు చెప్పుట న్యాయము కాదు.