పప్పు తింటే చీము పడుతుందా?

కుట్లు ఆరేదాకా పప్పు పెట్టకండి, చీము పడుతుంది. ఈ మాట వినబడని తెలుగిల్లు అరుదు. గుడ్డు వేడి, వంకాయ దురద, పెరుగు చలవ అంటూ ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే కంచంలో చివరికి మిగిలేది చారన్నం, బ్రెడ్డు ముక్క. చెప్పేవాళ్లది ప్రేమే, అనుమానం లేదు. కానీ పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన డెబ్బై ఏళ్ల మనిషికి ఆ పథ్యం చెరుపే చేస్తుంది. చీము పట్టించేవి సూక్ష్మక్రిములు, పప్పు కాదు. కోసి కుట్టిన పేగు అతుక్కోవాలంటే మాంసకృత్తులు కావాలి. వాటినే మనం వడ్డించడం మానేస్తున్నాం.

నిజానికి కరవు ఆపరేషన్‌కు నెలల ముందే మొదలవుతుంది. తింటే ఉబ్బరం, నోటికి రుచి ఉండదు, కట్టుడు పళ్లు వదులై నమలలేరు. మొలతాడు జారుతోందంటే వయసు మీద పడిందిలే అని ముడి బిగించి కడతాం. 1936లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హైరమ్ స్టడ్లీ అనే సర్జన్ జీర్ణాశయంలో పుండుకు ఆపరేషన్ అయిన రోగుల లెక్క తీశాడు. అంతకుముందే అయిదో వంతుకు మించి బరువు తగ్గినవాళ్లలో మూడో వంతు మంది చనిపోయారు. అంత తగ్గనివాళ్లలో నూటికి ముగ్గురో నలుగురో. జబ్బు వేరైనా తూకం చెప్పే సంగతి ఒకటే. అందుకే బాగా చిక్కిపోయిన రోగికి, క్యాన్సరైనా సరే, ఒకటి రెండు వారాలు ఆగి బలం పట్టించాకే కత్తి పట్టమని ఐరోపా పోషణ నిపుణులు అంటున్నారు. పేగు మూసుకుపోయి ప్రాణం మీదికొస్తే మాత్రం ఆగే వీలుండదు.

జావ మంచిదే, కాదనం. కానీ గ్లాసెడు పలచటి రాగిజావలో మాంసకృత్తులు 2, 3 గ్రాములకు మించవు. యాభై కిలోల మనిషికి ఈ దశలో రోజుకు 60 గ్రాములైనా కావాలి. గుడ్డులో ఉండేది 6. ఒక్క పూటలో అయ్యే పని కాదు కనుక మెత్తటి పప్పు, పెరుగు, చేపముక్క, ఏది ఇముడుతుందో అది కొంచెం కొంచెంగా అయిదారుసార్లు పెట్టాలి. కిడ్నీ జబ్బుంటే ఆ లెక్క డాక్టరే వేయాలి.

లంఖణం పరమౌషధమన్న సామెత అజీర్తికి సరే. ఆపరేషన్‌కు ముందు రాత్రి నుంచి మంచినీళ్లూ ముట్టనివ్వని పాత నియమం ఇప్పుడు సడలింది. మత్తుకు రెండు గంటల ముందు దాకా చాలామందిని నీళ్లు తాగనిస్తున్నారు. ఆపరేషన్ అయ్యాక త్వరగా తినిపించి నడిపించే పద్ధతికి 1990లలో బాట వేసినవాడు డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్. ముసలితనంలో పది రోజులు మంచం పడితే, జబ్బు లేనివాళ్లకే కాళ్లలో కిలో దాకా కండ కరిగిపోతుంది మరి.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు స్కానింగు కవరు మరచిపోం. దానితోపాటు, డాక్టరు అడగకపోయినా చెప్పవలసిన కబురు ఇంకొకటుంది. ఈ ఆరు నెలల్లో ఆ మొలతాడు ముడి ఎన్నిసార్లు బిగించామన్నది.