మేకు కొట్టకుండానే ఇంటికి కళ!

'సొంతిల్లు కాదుగా, ఎందుకులే!' అద్దె ఇళ్లలో తరచూ వినిపించే మాటే ఇది. రామసముద్రం వైపు నుంచి పిల్లల చదువుకని మదనపల్లెకో, ఉద్యోగానికని బెంగళూరుకో వెళ్లి అద్దెకుండే కుటుంబాలనే చూడండి. ఏడాదికని దిగిన ఇంట్లో నాలుగేళ్లు ఇట్టే గడిచిపోతాయి. గోడలు మాత్రం మొదటిరోజు ఎంత బోసిగా ఉన్నాయో అంతే బోసిగా ఉంటాయి. వాళ్ల భయమూ నిజమే. బెంగళూరులో పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడగడం చాలాకాలంగా ఉన్న వాడుక. ఖాళీ చేసేటప్పుడు మేకుల రంధ్రాలూ, ఊడిన రంగూ చూపించి అందులో కోత పెడితే కొత్త ఇంటికి కట్టాల్సిన అడ్వాన్సుకు తడుముకోవాల్సిందే!

అలాగని అన్నేళ్లూ సత్రంలో ఉన్నట్టు ఉండాలా? అక్కర్లేదు. ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. ఏ అలంకరణ అయినా ఇంటికి అతుక్కోకూడదు. మీరు ఖాళీ చేసిన రోజు అది మీతోపాటే లారీ ఎక్కాలి.

ముందు గోడ సంగతి

ఫొటోలు తగిలించడానికి అంటించే హుక్కులు తెచ్చేముందు అరచేత్తో గోడను ఒకసారి రుద్దండి. చేతికి పొడి అంటిందంటే అది సున్నమో, చవక డిస్టెంపరో. దానిమీద హుక్కు నిలవదు. ఊడితే రంగు పెచ్చునూ వెంట తీసుకెళ్తుంది. అలాంటి గోడల జోలికి పోకుండా కిటికీ ఊచలు, సజ్జ అంచు, ముందువాళ్లు వదిలేసిన మేకులు వాడుకోండి. టైల్సు, నున్నని రంగు వేసిన గోడలైతే సమస్య లేదు. తుడిచి, బాగా ఆరాక హుక్కును అరనిమిషం అదిమిపట్టండి. గంట ఆగి బరువు తగిలించండి. సాగే పట్టీ ఉన్న రకమైతే తీసేటప్పుడు ముందుకు లాగొద్దు. గోడ వెంబడే కిందికి, మెల్లగా లాగాలి. రెండువైపులా అంటుకునే టేపు మొండికేస్తే హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి తగిలించి, వెనక నుంచి గట్టి దారంతో కోసినట్టు లాగితే వచ్చేస్తుంది.

చంద్రికే షోకేసు

పుంగనూరు, రామసముద్రం చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇళ్లలో వెదురు చంద్రికలు తెలియనివారుండరు. పురుగులు గూళ్లు అల్లుకోవడానికి వాడే ఈ తడికెలు సుమారు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటాయి. పక్కన పడేసిన పాతది ఒకటుంటే కడిగి, బాగా ఎండబెట్టి హాల్లో నిలబెట్టండి. కదలకుండా పైభాగాన్ని కిటికీ ఊచకు తాడుతో కట్టాలి. ఆ వెదురు చుట్టలకు బట్టల క్లిప్పులతో కుటుంబం ఫొటోలు, పిల్లల బొమ్మలు తగిలించుకోవచ్చు. గోడమీద పాత మరక ఉన్నా దాని వెనక దాగిపోతుంది.

ఇక తెరలంటారా? కట్టకుండా మడతపెట్టిన నూలు చీరలు బీరువాలో ఉండే ఉంటాయి. 5.5 మీటర్ల చీరను అడ్డంగా రెండు ముక్కలు చేస్తే రెండు గుమ్మాలకు తెరలవుతాయి. కొత్తగా రాడ్డు బిగించక్కర్లేదు. రెండు గోడల మధ్య బిగుసుకుని నిలిచే స్ప్రింగు రాడ్డు దొరుకుతుంది. డ్రిల్లింగు పనే లేదు. మరకలు పడ్డ నేలకు ఒక తుంగ చాప, మూలన ఒక స్టాండు దీపం... గది రూపే మారిపోతుంది.

ముగ్గు, దీపం, పోపు

మన ఇళ్లలో గోడలనూ నేలనూ ఎక్కువ పాడుచేసేవి ఈ మూడే. గుమ్మం ముందు పెయింటు ముగ్గు వేస్తే అది ఖాళీ చేసేటప్పుడు రాదు. ఒక చిన్న కడప బండ ముక్క తెచ్చి, ముగ్గు దానిమీద వేసుకోండి. నల్లటి రాయిమీద తెల్లటి ముగ్గు ఎంత బాగుంటుందో! ఇల్లు మారితే ముగ్గూ మీతోనే వస్తుంది. పూజ దగ్గర దీపాన్ని గోడకు జానెడు దూరం జరిపి, వెనక ఒక టైలు నిలబెడితే మసి దానికే అంటుతుంది. పొయ్యి వెనకా అంతే. స్టీలు రేకు ఆనించి ఉంచితే పోపు చిందినా తుడిచేయొచ్చు. గోడలమీద రాసే పసివాళ్లుంటే వాళ్ల చేతికందే ఎత్తులో ఒక బ్లాక్‌బోర్డు ఆనించి పెట్టండి.

కాగితం మీద కూడా...

సామాను దించకముందే ప్రతి గదినీ ఫోన్‌లో ఫొటోలు తీసి, ఉన్న పగుళ్లు, మరకలు, మేకులు కనిపించేలా ఇంటి యజమానికి పంపండి. మీరు చేయని నష్టం మీ లెక్కలో పడకుండా ఉండటానికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంటోంది. గోడలకు వెల్ల, తలుపులకు రంగు యజమాని బాధ్యతనీ, కుళాయి వాషర్లు, స్విచ్చుల వంటి చిన్న మరమ్మతులు అద్దెకున్నవారివనీ చెబుతోంది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుంటేనే అమలవుతుంది. కాబట్టి మీ అగ్రిమెంటులో రంగుల ఖర్చు ఎవరిదని రాశారో సంతకానికి ముందే చదవండి. మేకు తప్పదనిపిస్తే అడిగి కొట్టండి. ఆ 'సరే' ఒక మెసేజ్ రూపంలో ఉంటే మరీ మంచిది.

ఇవన్నీ ఒకేసారి చేయాలనేం లేదు. ఈ ఆదివారం పాత చీరతో ఒక తెర కట్టి చూడండి. సాయంత్రం బడి నుంచో పని నుంచో వచ్చేవాళ్లకు గుమ్మంలోనే 'మన ఇల్లు' అనిపించడానికి అది చాలు!